టాడ్, డ్యాష్, పించ్, స్మిడ్జెన్, డ్రాప్: ఐదు బుల్లి చెంచాల సంగతి

డాలస్‌లో మా ఇంటికి ఈ మధ్య వచ్చిన సామాను ఇది. వేలెడంత స్టీలు కొలత చెంచాలు ఐదు, ఒక రింగుకి గుచ్చి ఉంటాయి. కాడల మీద టాడ్, డ్యాష్, పించ్, స్మిడ్జెన్, డ్రాప్ అని పేర్లు చెక్కి ఉంటాయి. ధర పది డాలర్ల లోపే. మా ఆవిడ కేకుల పిచ్చితో ఆన్‌లైన్‌లో తెప్పించింది. ఇంట్లో రోజువారీ వంట నాది కాబట్టి వాడకం ఎక్కువగా నాదే అయింది.

అమెరికా వంటల్లో ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’, అంటే చిటికెడు ఉప్పు, అని రాసి వదిలేస్తారు. పెద్ద కొలతలకి ఇక్కడ ఎప్పుడో దారి పడింది. బోస్టన్ కుకింగ్ స్కూల్ ప్రిన్సిపాల్ ఫానీ ఫార్మర్ 1896లో తెచ్చిన వంట పుస్తకంలో, కప్పయినా చెంచా అయినా పైన సమంగా గీకి కొలవాలని పట్టుబట్టింది. ఆ చెంచాకి కూడా అందని చిల్లర కొలతలు మాత్రం ఎవరి వేళ్ళని బట్టి వాళ్ళవిగా మిగిలిపోయాయి. ఇలాంటి సెట్లు చేసేవాళ్ళు వాటికీ అంకెలు కట్టేశారు. టాడ్ అంటే టీస్పూన్‌లో 1/4, డ్యాష్ 1/8, పించ్ 1/16, స్మిడ్జెన్ 1/32, డ్రాప్ 1/64. అమెరికన్ టీస్పూన్ 4.93 మిల్లీలీటర్లు కాబట్టి, పించ్ అంటే 0.3 మిల్లీలీటర్ల పైచిలుకు. చట్టం పెట్టిన లెక్కలు కావివి, అమ్మేవాళ్ళు వాడుకలో స్థిరపరిచినవి. అందుకే కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంటాయి.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దీన్ని చూసి, “పసిపిల్లలకి మందు పోసే చెంచాలాగుందేరా” అంది. సరే చూద్దామని కాఫీ గింజలు తూచుకునే చిన్న త్రాసు తీశాను. సన్న ఉప్పు పించ్ చెంచాతో తలగీకి పోస్తే 0.4 గ్రాములకి కాస్త తక్కువ వచ్చింది. అమ్మ మూడు వేళ్ళతో తీసి వేసిన చిటికెడు దానికి దాదాపు రెట్టింపు తూగింది. అంటే ఆవిడ చిటికెడు ఈ సెట్టులో డ్యాష్ అన్నమాట! నేను రెండు వేళ్ళతో తీస్తే పించ్ కూడా నిండలేదు. అమ్మ చెప్పినట్టే వేస్తున్నా నా పప్పు ఇన్నాళ్ళూ చప్పగా ఎందుకుంటోందో అప్పుడు తెలిసింది. “నా వేళ్ళకి కంపెనీవాడి సర్టిఫికెట్టెందుకురా” అని ఆవిడ మాత్రం చెంచా ముట్టుకోలేదు.

నాకు బాగా పనికొచ్చింది పచ్చకర్పూరం దగ్గర. చక్కెరపొంగలిలో ఇది కాస్త ఎక్కువైతే చాలు, మందు డబ్బా తెరిచినట్టు వాసన, నోట్లో చేదు. మోతాదు మించితే ఒంటికీ మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు చక్కెరతో కలిపి మెత్తగా నూరి, గ్లాసు బియ్యం పొంగలికి ఆ పొడి డ్రాప్ చెంచాడు వేస్తున్నాను. టెన్షన్ లేదు. తర్వాత చెప్పుకోవాల్సింది వంటసోడా. కప్పు శనగపిండికి పించ్ చెంచాడు వేస్తే బజ్జీలు గుల్లగా వస్తాయి. అంతకు మించితే నూనె పీల్చేస్తాయి, త్వరగా నల్లబడతాయి, సబ్బు నాకినట్టుంటుంది. రాత్రంతా నానబెట్టే బ్రెడ్డు పిండికి ఈస్ట్ వేసేటప్పుడు కూడా ఈ చెంచాలే నయం.

ఇంగువ దగ్గర మాత్రం నమ్మకండి. డబ్బాల్లో వచ్చే పొడిలో అసలు ఇంగువతో పాటు గోధుమపిండో, బియ్యప్పిండో, జిగురో కలిపి ఉంటుంది. ఎంత కలిపారన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒక డబ్బాతో సరిపోయిన పించ్, ఇంకో డబ్బాతో చారంతా ఘాటెక్కిస్తుంది. చెంచా కొలిచేది పరిమాణాన్నే కదా, ఘాటుని కాదు. ఉప్పులోనూ ఇదే తంటా. ఇక్కడ దొరికే కోషర్ ఉప్పు పలుకులు పలుకులుగా ఉంటుంది, కొన్ని రకాలైతే అదే చెంచాలో సన్న ఉప్పు బరువులో సగమే తూగుతాయి. ఏ ఉప్పో చెప్పకుండా ‘ఒక పించ్’ అని రాసే వంటవాళ్ళ మీద నాకు ఇప్పుడు కోపం వస్తోంది. కుంకుమపువ్వు సంగతి సరేసరి, ఆ రేకలు చెంచాలో కుదురుగా కూర్చోవు.

చెంచాల పనితనానికి వంక పెట్టలేను. మందమైన స్టీలు, కాడ వంగదు, ఇరుకు మూతి మసాలా సీసాల్లోకి కూడా దూరుతాయి. తడి ఉంటే మాత్రం డ్రాప్‌లో పొడి సగం గోడలకే అంటుకుంటుంది, తుడిచి ముంచాలి. డిష్‌వాషర్‌లో వేస్తే బుట్ట సందుల్లోంచి జారి అడుగున పడుతున్నాయి. చేత్తో కడగడమే మేలు. టాడ్ ఎందుకు పెట్టారో తెలీదు, పావు టీస్పూన్ మామూలు సెట్టులో ఎలాగూ ఉంటుంది.

నా మార్కులు ఐదుకి నాలుగు, తగ్గించిన ఒక్కటీ ఆ టాడ్ ఖాతాలోకే. పప్పూ కూరా చారుతో సరిపెట్టుకునే ఇంటికి ఇవి అవసరం లేదు. బేకింగ్, మిఠాయిలు చేసేవాళ్ళు తీసుకోవచ్చు. కొనేముందు ఫొటో పెద్దది చేసి, పేరు పక్కన 1/8, 1/16 అని అంకె కూడా చెక్కి ఉందో లేదో చూడండి. ఉత్త పేర్లే ఉన్న సెట్టు వద్దు, పైపైన అచ్చు వేసిన అక్షరాలున్నదీ వద్దు. అచ్చు అరిగిపోతే స్మిడ్జెన్ ఏదో డ్రాప్ ఏదో కళ్ళకి ఆనదు.