లాసో తాడు: 14 నెలలు విసిరాక నాకు తెలిసింది

మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇంట్లో 6 జెర్సీ క్రాస్ ఆవులు, వాటి దూడలు. నిరుడు గాలికుంటు టీకా వేసే రోజున, ఇంకా ముక్కుతాడు వేయని కోడె ఒకటి పలుపు తెంపుకుని మామిడి తోటలోకి పోయింది. నలుగురం మధ్యాహ్నం దాకా దాని వెంట తిరిగాం. నాయన గట్టు మీద జారి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ సాయంత్రమే టెక్సాస్‌లో ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేసి, వచ్చేటప్పుడు అక్కడ పశువుల్ని పట్టే లాసో తాడు ఒకటి తెమ్మన్నాను.

అది వచ్చేలోపు మన బజారు తాళ్ళతోనే మొదలుపెట్టాను. నూలు తాడుకు జారుముడి వేసి తలపైన తిప్పితే రెండో చుట్టుకే ఉచ్చు ముడుచుకుపోయేది. నైలాన్ పలుపు కూడా అంతే. లాసో తాడు చేతికి వచ్చాక కారణం అర్థమైంది. అది మూడు పేటల నైలాన్, పురి బాగా బిగించి తయారు చేసింది. దాని బిర్రుతనం వల్లే ఉచ్చు గాలిలో నోరు తెరుచుకుని నిలబడుతుంది. కొసన చిన్న కన్ను ఉంటుంది, దాన్ని హోండా అంటారు. తాడు అందులోంచి జారుతుంది. రాపిడికి కన్ను అరిగిపోకుండా లోపల తోలు ముక్క కుట్టి ఉంటుంది.

నాకు వచ్చిన తాడు 35 అడుగులది, బాగా గట్టిది. అక్కడ ఇద్దరు గుర్రాల మీద కలిసి ఒక పశువును పట్టే పోటీలు ఉంటాయి. ముందు తల పట్టేవాళ్ళు మెత్తటి, కాస్త పొట్టి తాడు వాడతారు. వెనక కాళ్ళు పట్టేవాళ్ళకు గట్టిది, పొడవుది కావాలి. నాకొచ్చింది కాళ్ళ తాడు. తెలియక తెప్పించుకున్నాను, దానివల్ల మొదటి రెండు నెలలూ చాలా కష్టపడ్డాను. కొత్తవాళ్ళు 30 అడుగుల మెత్తటి తాడే అడగండి. ఈ ఒక్క విషయం ముందే చెప్పేవాళ్ళు ఉంటే నాకు ఎంత సమయం మిగిలేదో!

ఇక విసరడం. తోటలో కొమ్మలు అడ్డం వస్తాయి కాబట్టి సాయంత్రాలు స్వర్ణముఖి ఏటి ఇసుకలో ఒక మొద్దు పాతి దానికే విసిరేవాణ్ణి. కుడిచేతి వాటం వాళ్ళు తాడును కుడి నుంచి ముందుకు, అక్కడి నుంచి ఎడమకు, వెనక్కి తిప్పాలి. బలం భుజానిది అనుకుని నెల రోజులు భుజం నొప్పితో తిరిగాను. అసలు పని మణికట్టుది. ప్రతి చుట్టులోనూ మణికట్టు తాడుతో పాటు తిరగాలి. తిరక్కపోతే తాడు మెలిపడి ఉచ్చు ఎనిమిది అంకెలా అయిపోతుంది.

రెండోది, ఉచ్చును పట్టుకునే చోటు. కన్ను దగ్గరే పట్టుకుంటే ఉచ్చు తెరుచుకోదు. చేతికీ కన్నుకీ మధ్య రెండున్నర, మూడు అడుగుల తాడు జంటగా ఉండాలి. ఆ బరువే ఉచ్చును నడిపిస్తుంది. ఇది సరిచేసుకున్న వారంలోనే పది విసుర్లలో నాలుగైదు మొద్దు మీద పడ్డాయి. ఆ రోజు ఎంత సంతోషమో! చీకటి పడి చంద్రగిరి కోట కనబడకుండా పోయేదాకా విసురుతూనే ఉన్నాను.

వదిలేటప్పుడు చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి కిందికి ఉండేలా వేళ్ళు తెరవాలి. రాయి విసిరినట్టు విసరకూడదు. ఉచ్చు పడగానే వదులుగా ఉన్న తాడును వెనక్కి లాగాలి, లేకపోతే పశువు తల దులిపి బయటపడుతుంది.

మన ఎండ ఈ తాడుకు పడదు. మే నెలలో తిరుపతి వైపు ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. నైలాన్ వేడికి మెత్తబడుతుంది, చలికి బిర్రుగా అవుతుంది. ఒకరోజు మధ్యాహ్నం కారులో వదిలేస్తే సాయంత్రానికి ఉడికిన సేమ్యాలా వేలాడింది. అప్పటి నుంచి మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో వేసి నీడనే పెడుతున్నాను. ఇసుక అంటితే తాడు జారదు, పొడిగుడ్డతో తుడిచి కాస్త బేబీ పౌడర్ రాస్తాను. చుట్టేటప్పుడు పురి తిరిగిన వైపే చుట్టాలి.

జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. తాడును చేతికి గానీ, నడుముకు గానీ ఎప్పుడూ చుట్టుకోకండి. మూడో నెలలో తొందరపడి ఒక దూడకు విసిరాను. అది లాగిన వేగానికి అరచెయ్యి కాలినట్టు తోలు లేచిపోయింది, పది రోజులు పాలు పిండలేకపోయాను. తోలు గ్లౌజులు తప్పనిసరి. ఉచ్చు మెడకు బిగిస్తే పశువుకు ఊపిరాడదు. పట్టుకున్న వెంటనే దగ్గరికి వెళ్ళి వదులు చేసేవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. గట్టిగా లాగితే విడిపోయే ప్లాస్టిక్ కన్ను కూడా దొరుకుతుంది, దూడల మీద నేర్చుకునేటప్పుడు అదే వాడండి. సంక్రాంతికి మా వైపు జరిగే పశువుల పండక్కి దీన్ని తీసుకురమ్మని కుర్రాళ్ళు అడిగారు, ఒప్పుకోలేదు. అంతమంది జనంలో, బెదిరిన ఎద్దు మెడలో తాడు పడితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇప్పుడు 15 అడుగుల దూరంలో నిలబడ్డ పశువైతే పదిలో ఏడుసార్లు పడుతుంది. పరిగెత్తేదాన్ని రెండుసార్లే పట్టగలిగాను. అందులో ఒకటి ఆ కోడే. ఈసారి టీకాకు పావుగంటలో దొరికింది, నాయన అరుగు మీద కూర్చునే చూశాడు.

కన్నులోని తోలు అరిగింది, తాడు కొస దగ్గర పోగులు లేస్తున్నాయి. ఉగాదికి బామ్మర్ది వస్తున్నాడు. ఈసారి రెండు చెప్పాను, రెండూ 30 అడుగులవి, మెత్తటివి. రెండోది రోజూ నాతోపాటు ఏట్లోకి వచ్చి మొద్దును నిలబెట్టే పక్కింటి పిల్లాడికి.