కొండకి మోసుకెళ్లే ఉలవకట్టు పొడి: నాలుగు శీతాకాలాల వాడకం తర్వాత

సంచి బరువు గ్రాముల్లో చూసుకునేవాళ్లకి తీర్పు ముందే చెప్పేస్తాను. ఉడికించి ఎండబెట్టిన ఉలవ పొడి మొదటిది, మొలకల చోడిపిండి (రాగిపిండి) రెండోది, కొట్లో దొరికే సూప్ ప్యాకెట్టు ఎక్కడో చివర. ఒడిశాలోని దేవమాలి, మహేంద్రగిరి కొండల వైపు నాలుగు శీతాకాలాలు మూడూ వాడాక చెబుతున్న మాట ఇది.

కిటుకంతా ‘ఉడికించి’ అన్న దగ్గరే ఉంది. ఉలవలు వేయించి మరాడించిన పొడి పన్నెండు నిమిషాలు మరిగినా నాలిక మీద ఇసుకలా తగులుతుంది. పచ్చివాసన పోదు, రాత్రికి కడుపుబ్బరం అదనం. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. అక్కడ నీళ్లు 94, 95 డిగ్రీలకే తెర్లిపోతాయి, మంట ఎంత పెంచినా వేడి ఆపైన ఎక్కదు. కుక్కరు మోసుకెళ్లం కదా, ఆ ఉడుకేదో ఇంటి దగ్గరే అయిపోవాలి.

పావుకిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, లీటరు నీళ్లతో కుక్కర్లో ఎనిమిది కూతలు రానిచ్చి, సన్నసెగ మీద ఇంకో పావుగంట ఉంచండి. కట్టు పారబోయొద్దు, రుచంతా అందులోనే ఉంది. గింజల్ని కట్టుతోనే రుబ్బి, పెద్ద పళ్లేల్లో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూయాలి. మందంగా పూస్తే పైన పొర కట్టి లోపల పులుస్తుంది, పొడి చేశాక బూజు పట్టేది ఇలాంటిదే. బరంపురం ఎండకి రెండు రోజులు చాలు. కోరాపుట్ వైపు పుష్యమాసపు మంచులో ఎండని నమ్ముకోవద్దు. ఓవెన్ ఉంటే 60 డిగ్రీల్లో, తలుపు ఓరగా తీసి, ఎనిమిది గంటలు. అట్టు వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టు. పావుకిలోకి 210 గ్రాముల దాకా పొడి వస్తుంది. ఉలవలు రాయగడ, జయపురం సంతల్లో ‘కొళథ’ అని అడిగితే ఇస్తారు.

పొడిలో ఉప్పు కలపొద్దు, చెమ్మ పీల్చి గడ్డ కడుతుంది. పోపు కూడా వద్దు. నూనె తగిలిన పొడి మూడు వారాలకే పాత నూనె వాసన కొడుతుంది. ఉప్పు, మిరియం, జీలకర్ర, ఆమ్చూర్ (ఎండు మామిడి పొడి) వేరే పొట్లంలో, నెయ్యి చిన్న సీసాలో. చింతపండు కన్నా ఆమ్చూరే నయం, పిసికే పని లేదు.

మనిషికి 25 గ్రాముల పొడి, అంటే నిండుగా మూడు పెద్ద చెంచాలు, 300 మిల్లీలీటర్ల నీళ్లు, అరచెంచా ఉప్పు. చన్నీళ్లలోనే కలిపి పొయ్యి మీద పెట్టాలి, మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. ఒక పొంగు వచ్చాక రెండు నిమిషాలు ఉంచి, దించి, తువ్వాలు చుట్టి పది నిమిషాలు వదిలేస్తే చిక్కబడుతుంది. గ్యాసు మిగిలేది ఇక్కడే. మునగాకు పొడి వేసుకుంటే దించాకే వేయండి, మరిగితే చేదెక్కుతుంది.

చోడిపిండికి ఈ తువ్వాలు పద్ధతి పనికిరాదు. 20 గ్రాములు 300 మిల్లీలీటర్లలో, సన్నమంట మీద ఆరు నిమిషాలు, గరిటె ఆపకుండా. పలచటి అల్యూమినియం గిన్నెలో రెండు క్షణాలు ఏమరితే అడుగంటుతుంది. మొలకల పిండి మామూలు పిండంత చిక్కబడదు, మొలకెత్తినప్పుడు గింజలోని పిండిపదార్థం విరిగిపోతుంది మరి. పిండి పాడైందనుకుని ఇంకా ఇంకా పిండి వేస్తే తియ్యగా, జిగటగా తయారవుతుంది. పొద్దున్నే తాగడానికి బాగుంటుంది గానీ రోజంతా నడిచిన ఆకలికి ఆనదు.

నెత్తళ్ల (చిన్న ఎండుచేపల) పొడి రుచికి తిరుగులేదు. తలలు తీసి, నూనె లేకుండా కరకరలాడేలా వేయించి దంచి, గిన్నెకి ఒక చెంచా వేస్తే చాలు, ఉప్పు సగం తగ్గించాలి. కానీ దాని వాసన ఎన్ని కవర్లు చుట్టినా ఆగదు. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో గుడారంలో పెట్టుకు పడుకోవడం తెలివితక్కువ. ఊరి దగ్గర మకాం అయితేనే తీసుకెళ్తాను.

ప్యాకెట్టు సూపంటే మొక్కజొన్న పిండి, చక్కెర, ఉప్పు. వేడిగా గొంతు దిగుతుంది, గంటకే మళ్లీ ఆకలి. జ్వరం వచ్చి ఏదీ సహించని పూటకి ఒకటి అడుగున పడేసుకోవచ్చు.

ఇద్దరికి మూడు రోజులు, రోజుకి రెండు పూటలంటే ఉలవ పొడి 300 గ్రాములు. తువ్వాలు పద్ధతి పాటిస్తే 230 గ్రాముల గ్యాసు డబ్బా టీలతో సహా సరిపోతోంది. చలి రాత్రుల్లో డబ్బా చల్లబడి మంట నీరసిస్తుంది, పొయ్యి వెలిగించే ముందు కాసేపు చొక్కా లోపల పెట్టుకోండి. ఇక ఉలవకట్టు గిన్నెలో ఆరిందంటే గోకినా రాదు. తాగిన వెంటనే గుక్కెడు వేడినీళ్లు పోసి, తిప్పి, అవి కూడా తాగేస్తే గిన్నె తోమడానికి ఊట దాకా వెళ్లక్కర్లేదు.