శృంగార కళకు ఏ గది మేలు? నేపుల్స్, బార్బికన్, షుంగా ప్రదర్శనలు

శృంగార కళను ప్రజల ముందు పెట్టదలచిన మ్యూజియానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. అటువంటి వస్తువులన్నిటినీ ఒక ప్రత్యేకమైన గదిలో చేర్చి తలుపు దగ్గర కట్టుబాట్లు పెట్టడం మొదటిది. అనేక దేశాల, అనేక యుగాల కళాకృతులను ఒకే కప్పు కిందికి తెచ్చి, మనుషులు కామాన్ని ఎలా చూస్తూ వచ్చారో చెప్పబూనడం రెండోది. ఒక దేశానికి, ఒక కాలానికి చెందిన సంప్రదాయాన్ని మాత్రమే ఎంచుకుని దాని లోతుకు వెళ్లడం మూడోది. నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని రహస్య గది, 2007 అక్టోబరు నుంచి 2008 జనవరి వరకు లండన్‌లోని బార్బికన్ కేంద్రంలో జరిగిన ‘సెడ్యూస్డ్’, 2013 అక్టోబరు నుంచి 2014 జనవరి వరకు బ్రిటిష్ మ్యూజియం నిర్వహించిన షుంగా, అంటే జపాన్ శృంగార చిత్రాల, ప్రదర్శన ఈ మూడు దారులకూ తగిన ఉదాహరణలు. వీటిని బేరీజు వేయడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: వాటిని చేసిన కళాకారుల గురించి ప్రేక్షకుడు ఏమి తెలుసుకుని బయటికి వస్తాడు? శృంగార విషయం కంటిని ఎంత తొందరగా లాగుతుందంటే, గీతనూ రంగునూ కూర్పునూ గమనించకముందే చూడవలసినదంతా చూసేశామన్న భావన కలుగుతుంది. ఆ తొందరను నిలువరించగలిగిన ప్రదర్శననే నేను మేలైనదిగా ఎంచుతాను.

నేపుల్స్ గదిలో ఉన్నవి అగ్నిపర్వతం పేలి పూడిపోయిన రోమన్ పట్టణాలు పాంపేయి, హెర్క్యులేనియం తవ్వకాలలో బయటపడిన వస్తువులు. 1819లో భార్యతోనూ కుమార్తెతోనూ కలిసి మ్యూజియానికి వచ్చిన యువరాజు ఫ్రాన్సిస్ వాటిని చూసి, అన్నిటినీ ఒక గదిలో పెట్టి తాళం వేయమని ఆదేశించాడు. అప్పటి నుంచి వయసు ముదిరిన, మంచి నడవడి కలవారని పేరున్న పురుషులకే, అదీ అనుమతి మీద, లోపలికి ప్రవేశం దొరికేది. 1849లో ఆ తలుపులను పూర్తిగా మూసివేశారు. 1860లో ఇటలీ ఏకీకరణ నాయకుడు గరిబాల్డి నేపుల్స్‌కు చేరాక తెరిపించినా, తరువాతి పాలకుల కాలంలో ఆంక్షలు మళ్లీ వచ్చాయి. 2000లో గాని ఆ గది సామాన్య సందర్శకులకు అందుబాటులోకి రాలేదు.

ఈ చరిత్ర ఎంత ఆసక్తికరమైనదైనా, అది గదికి సంబంధించిన చరిత్రే తప్ప వస్తువులది కాదు. పాంపేయిలో సెసీలియస్ యుకుండస్ అనే ధనిక బ్యాంకరు ఇంటి నుంచి తెచ్చిన కుడ్యచిత్రం అక్కడ ఉంది. మంచం మీద ఒక జంట, వారి వెనుక నిలబడిన సేవకుడు అందులో కనిపిస్తారు. ఆ చిత్రం ఉన్నది ఏ పడకగది గోడ మీదో కాదు, వచ్చేపోయే అతిథులు నడిచే స్తంభాల నడవా గోడ మీద. ఇంటి యజమాని తన హోదాను చాటుకోవడానికి నలుగురికీ కనిపించేలా పెట్టించుకున్న దానిని నేడు రహస్యమని పేరు పెట్టిన గదిలో చూస్తున్నాం. రెక్కలు తొడిగి, చిరుగంటలు కట్టిన కంచు లింగాల పరిస్థితీ అంతే. అవి దిష్టి తగలకుండా ఇళ్లకూ దుకాణాలకూ వేలాడదీసినవి. వాటిలో కామం కంటే భయమూ రక్షణా ఎక్కువ. వాటిని కామకేళి చిత్రాల పక్కన పెట్టగానే రెండింటినీ మనం ఒకే చూపుతో చూస్తాం. చిత్రకారుల పేర్లు ఎలాగూ కాలంలో కలిసిపోయాయి. వారు పనిచేసిన సందర్భం కూడా గోడ దాటి ఇవతలికి రాకపోతే ప్రేక్షకుడికి మిగిలేది సంకోచమో కుతూహలమో మాత్రమే.

ఆ గదిలోని వస్తువునే మరొక చోట మరొక విధంగా చూపిన సందర్భం 2013లో వచ్చింది. ఆడమేకతో కలిసిన పాన్ అనే సగం మేక రూపపు గ్రీకు దేవుడి పాలరాతి శిల్పం నేపుల్స్ గదిలో చాలాకాలం అన్నిటికంటే ఎక్కువ దాగి ఉన్నది. బ్రిటిష్ మ్యూజియం తన పాంపేయి, హెర్క్యులేనియం ప్రదర్శనలో దానిని వేరే గదికి పంపకుండా, ఒక హెచ్చరిక మాత్రం పెట్టి, మిగిలిన వస్తువులతో పాటే నిలబెట్టింది. పపైరస్ రాతచుట్టలు దొరికినందున పపైరస్ భవనమని పిలిచే హెర్క్యులేనియంలోని ఇంటిని అలంకరించిన శిల్పాలలో ఇది ఒకటి కనుక, తోటివాటి మధ్య చూసినప్పుడు శిల్పి ఆ మేక గడ్డాన్నీ పాన్ గడ్డాన్నీ ఒకదానికొకటి పోలికగా మలచిన నేర్పు కూడా దృష్టికి వస్తుంది. శాశ్వత సంగ్రహం ఉన్న మ్యూజియాలకు ఈ పద్ధతి తాళం గది కంటే ఎంతో మేలని నేను నిస్సందేహంగా అంటాను.

బార్బికన్ ప్రదర్శన ఆశయం చాలా పెద్దది. మార్టిన్ కెంప్, మరీనా వాలేస్, జోన్ బెర్న్‌స్టైన్ కలిసి ప్రాచీన రోము నుంచి సమకాలీన కళ వరకు దాదాపు 2,000 ఏళ్ల పరిధిలో 250కి పైగా కృతులను సమకూర్చారు. 18 ఏళ్లు నిండినవారికే ప్రవేశం. విక్టోరియా రాణికి బహుమానంగా వచ్చిన, మైకెలాంజెలో చెక్కిన నగ్న డేవిడ్ ప్రతిమ అచ్చుకు, రాజకుటుంబపు స్త్రీలు చూడవచ్చినప్పుడు తగిలించేందుకు చేసిన ప్లాస్టర్ ఆకును అక్కడ ఉంచారు. కప్పడం కూడా శృంగార కళ చరిత్రలో ఒక భాగమేనని ఆ ఒక్క వస్తువుతో చెప్పగలిగారు. అది నాకు నచ్చిన ఎంపిక. అయితే ఒక్కొక్క సంప్రదాయానికి దక్కిన చోటు కొద్దిపాటిదే. రోమన్ శిల్పం, జపాన్ ముద్రణ, అమెరికన్ ఛాయాచిత్రకారుడు మేపుల్‌తోర్ప్ తీసిన చిత్రం వరుసగా కనిపించినప్పుడు వాటిని కలిపే దారం విషయమే అవుతుంది గాని పనితనం కాదు. ఎక్కడివారైనా మనుషులు ఒకే పని చేస్తారన్నది తెలుసుకోవడానికి ప్రదర్శన అవసరం లేదు.

ఇక షుంగా. ఎడో కాలపు జపాన్‌లో, అంటే 1600 నుంచి 1868 వరకు, ముద్రణలోనూ చిత్రలేఖనంలోనూ వెలువడిన ఈ శృంగార చిత్రాల నుంచి సుమారు 170 కృతులను ఎంచుకుని టిమ్ క్లార్క్ నేతృత్వంలోని బృందం ప్రదర్శించింది. ఒకే సంప్రదాయానికి అంత స్థలం ఇచ్చినందువల్ల జరిగిన మేలేమిటంటే, మొదటి కొన్ని చిత్రాల దగ్గర కలిగే ఉలికిపాటు పదో చిత్రానికల్లా తగ్గిపోయి, ఒక చిత్రకారుడికీ మరొకడికీ ఉన్న తేడా కనిపించడం మొదలవుతుంది. అతిశయించి గీసిన అంగాలు అందరిలోనూ ఉన్నాయి కనుక అవి క్రమంగా వెనక్కి తగ్గి, వస్త్రాల మడతలు, వేళ్ల బిగింపు, తెర వెనుక నుంచి తొంగిచూసే ముఖాలు ముందుకు వస్తాయి.

తొరీ కియోనాగా 1785 ప్రాంతంలో చేసిన పన్నెండు చిత్రాల చుట్టను తీసుకోండి. ఒక్కొక్కటి సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తు, 65 సెంటీమీటర్లకు పైగా పొడవు. ఇద్దరు మనుషుల పూర్తి దేహాలు అంత సన్నని పట్టీలో ఇమడవు కనుక, అతడు నిర్దాక్షిణ్యంగా తలలనూ మోకాళ్లనూ అంచుల దగ్గర కోసేశాడు. ఆ ఇరుకే చిత్రంలోని దగ్గరితనంగా మారింది.

కితగావా ఉతమారో 1788 నాటి ‘ఉతమకుర’ ఇంకా ఒక మెట్టు పైది. పన్నెండు రంగుల ముద్రణలున్న ఆ మడత పుస్తకంలో అందరికీ తెలిసిన చిత్రం, టీ దుకాణపు మేడమీది గదిలోని జంటది. స్త్రీ మనకు వీపు తిప్పి ఉంటుంది. ఆమె ముఖం కనిపించదు. నల్లగా నిండుగా ముడిచిన జుట్టు, దాని కింద తెల్లని మెడ, ఆ రెండూ కలిసే చోట వెంట్రుక వెంట్రుకగా చెక్కిన అంచు కనిపిస్తాయి. పురుషుడి ముఖంలో మనకు దక్కేది దాదాపు ఒక కన్నే. సన్నని చీలిక వంటి ఆ కన్ను ఆమెనే చూస్తూ ఉంటుంది. పలుచని వేసవి బట్ట వెనుక చర్మపు రంగు తెలుస్తుంది. అతడి విసనకర్ర మీద ఒక కవిత రాసి ఉంటుంది: ఆల్చిప్పలో ముక్కు ఇరుక్కుపోయిన ఉల్లంకిపిట్ట శరత్కాలపు సంధ్యవేళ ఎగిరిపోలేకపోతోందని. శృంగార చిత్రాల పుస్తకంలో అంగాలను దాచి, మెడనూ కంటినీ మాత్రమే చూపి, మిగిలినదంతా ఒక చతురోక్తికి వదిలేసిన ధైర్యం అది. ఆ వెంట్రుకలను ముద్రణకు వాడే చెర్రీ చెక్క పలక మీద చెక్కిన పనివాడి పేరు మనకు అందలేదు గాని అతడి చెయ్యి ఉతమారో చేతికి ఏమాత్రం తీసిపోదు. 1722 నాటి నిషేధం వల్ల ఇటువంటి పుస్తకాలు ప్రభుత్వ ముద్ర లేకుండా, తరచు చిత్రకారుడి సంతకం కూడా లేకుండా వెలువడేవి. హొకుసాయ్ వంటి ప్రఖ్యాత చిత్రకారుడు కూడా వీటికి మారుపేర్లు వాడుకున్నాడు. ఎవరు గీశారో గీత పోలికను బట్టి గుర్తుపట్టవలసిన కళను పక్కపక్కన ఎక్కువ సంఖ్యలో చూపడం తప్ప వేరే మార్గం లేదు.

హొకుసాయ్ 1814 నాటి పుస్తకంలోని ఆల్చిప్పలు ఏరే స్త్రీ, ఆక్టోపస్‌ల చిత్రం ఈ విషయంలో పెద్ద పాఠం చెబుతుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి రచయితలు కొందరు దానిని భయానక దృశ్యంగా, శవానికి సమీపమైన దేహంగా చదివారు. బొమ్మ చుట్టూ కిక్కిరిసి ఉన్న అక్షరాలలో ఆ స్త్రీ తన సుఖాన్ని తానే పలుకుతూ ఉంటుంది. అది వారికి అందలేదు. షుంగాలో రాత కూడా చిత్రంలో సగం కాబట్టి, దానిని అనువదించి పక్కన పెట్టే ఓపికా చోటూ ఒకే సంప్రదాయాన్ని చేపట్టిన ప్రదర్శనకే సులువుగా కుదురుతాయి.

ఈ దారికి లోపం లేదని నేను అనను. షుంగా చిత్రకారులు దాదాపు అందరూ పురుషులే. వారు అందంగా చూపిన యోషివారా వేశ్యావాటికలో స్త్రీలు అప్పుల ఒప్పందాలకు కట్టుబడి బతికారు. ‘ఉతమకుర’ మొదటి చిత్రంలోనే నీటి అడుగున, జపాన్ కథల్లో ‘కప్పా’ అని పిలిచే జలభూతాలు ఒక స్త్రీని చెరుస్తుంటే, ఒడ్డున రాతి మీద కూర్చున్న మరొక స్త్రీ చూస్తూ ఉంటుంది. అటువంటి చిత్రం దగ్గర పరస్పర సుఖమన్న మాట చెల్లదు, ఆ సంగతిని గోడ మీది వివరణలో సూటిగా రాయవలసిందే. ఇక్కడ బార్బికన్ వారిది పైచేయి. అమెరికన్ ఛాయాచిత్రకారిణి నాన్ గోల్డిన్ జంటల స్లైడ్ల వంటి, ఒక స్త్రీ చూపుతో వచ్చిన కృతి అదే కప్పు కింద ఉండడం వల్ల, ఎవరు ఎవరిని చూస్తున్నారన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఒకే సంప్రదాయంలో మునిగిన ప్రదర్శన ఆ ప్రశ్నను ప్రయత్నపూర్వకంగా తేవాలి.

షుంగా ప్రదర్శన తరువాతి కథ కూడా చెప్పుకోవాలి. లండన్‌లో పదహారేళ్ల లోపువారు పెద్దలతో కలిసి రావచ్చని అనుమతించగా, సుమారు 88 వేల మంది చూశారు. జపాన్‌లో మాత్రం ఆ చిత్రాలకు చోటివ్వడానికి మ్యూజియాలు వెనుకాడాయి. చివరికి 2015లో టోక్యోలోని ఎయ్‌సెయ్ బుంకో అనే చిన్న మ్యూజియం ముందుకు వచ్చింది. అప్పట్లో దాని అధిపతి మాజీ ప్రధాని మొరిహిరో హొసొకావా. 18 ఏళ్లు నిండినవారినే అనుమతించినా అక్కడికి రెండు లక్షలకు పైగా జనం వచ్చారు. వయసు నిబంధన విషయంలో నాకు లండన్ పద్ధతే సబబుగా తోస్తుంది: పిల్లల సంగతి కన్నవారికి వదిలి, తలుపు దగ్గర స్పష్టంగా చెబితే చాలు.

నేపుల్స్ గదికి మిగిలిన రెండింటికీ లేని సౌలభ్యం ఒకటి ఉంది. పాలరాయి, కంచు వెలుతురుకు చెడవు కాబట్టి అవి ఏడాది పొడవునా చూడదొరుకుతాయి. చెక్క ముద్రణల రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక వాటిని కొన్ని నెలలే చూపి మళ్లీ చీకటి పెట్టెల్లోకి చేర్చాలి. అందువల్ల షుంగాను చూడగోరేవారు ప్రదర్శన ప్రకటన వెలువడినప్పుడే వెళ్లడం మంచిది. అంతవరకు ‘ఉతమకుర’ చిత్రాలను బ్రిటిష్ మ్యూజియం తన ఆన్‌లైన్ సంగ్రహంలో ఉంచింది. తెర మీద వాటిని పెద్దవి చేసి చూసుకోవచ్చు.