ఏటా పట్నంలో ఎకోనా, మూడు నెలలకోసారి నల్లగొండలో బీపీనా: ఏది మేలు?

చిన్నతనంలో మెదడులో గడ్డకు చికిత్స పొంది బయటపడిన పిల్లల తల్లిదండ్రులు, దేవరకొండ వారైనా మిర్యాలగూడ వారైనా, కలిసినప్పుడల్లా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. గుండె కోసం ఏటా హైదరాబాదు వెళ్లి ఎకో (గుండెకు చేసే స్కానింగ్) తీయించడం మేలా, నల్లగొండలోనే తెలిసిన డాక్టరు దగ్గర బీపీ, బరువు, రక్త పరీక్షలు చూపించుకుంటూ ఉండటం మేలా? మా అమ్మాయికి 8వ ఏట మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్, రేడియేషన్, కీమో జరిగాయి. తనకిప్పుడు 20 ఏళ్లు. మొన్నటి వేసవిలో మేము కూడా ఈ సంగతి తేల్చుకోవలసి వచ్చింది.

ఎకో కావాలనే వారి వాదనలో బలముంది. ఈ జబ్బుకు తలతోపాటు వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇస్తారు. మామూలు యంత్రంతో వీపు వైపు నుంచి పంపిన కిరణాలు వెన్ను దాటి ఛాతీ గుండా ముందుకు పోతాయి కాబట్టి గుండెకు, గొంతులోని థైరాయిడ్‌కు కూడా కొంత తగులుతుంది. వెన్నుకు ఇచ్చే మోతాదు సాధారణంగా 23.4 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), జబ్బు తీవ్రమైతే 36 గ్రే. ఛాతీకి 15 గ్రే దాటిన వారికి ఐదేళ్లకోసారి, 30 దాటిన వారికి రెండేళ్లకోసారి ఎకో తీయాలని నిపుణుల సూచన. ఏటా తీయమని కాదు. గుండె కండరాన్ని బలహీనపరిచే డోక్సోరుబిసిన్ వంటి మందులు రక్త క్యాన్సరులో ఎక్కువగా వాడతారు తప్ప మెదడు గడ్డలకు సాధారణంగా వాడరు. ఈ తేడా తెలియక భయపడే వారిని చాలామందిని చూశాము.

నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. మన పిల్లల గుండెకు ముప్పు ఎక్కువగా మెదడు దారినే వస్తుంది. తలకు తగిలిన రేడియేషన్ వల్ల, మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపే పిట్యూటరీ గ్రంథి క్రమంగా మందగించవచ్చు, అందులోనూ ముందుగా తగ్గేది గ్రోత్ హార్మోన్. అది తగ్గితే కండ తగ్గి, నడుము చుట్టూ కొవ్వు చేరి, చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. థైరాయిడ్ మందగించినా కొలెస్టరాల్ పెరుగుతుంది. కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు మూత్రపిండాలను దెబ్బతీస్తే బీపీ పెరుగుతుంది. నడకలో తూలకుండా చూసే చిన్నమెదడు దగ్గర ఆపరేషన్ జరిగిన పిల్లల్లో చాలామంది తూలుతూ నడుస్తారు కనుక బడిలో ఆటలకు దూరమై, పెద్దయ్యాక కూడా ఒంటికి పని చెప్పలేకపోతారు. తలలోని రక్తనాళాలు సైతం రేడియేషన్‌కు గురై ఉంటాయి కాబట్టి, వీరికి బీపీ అదుపు తప్పితే గుండెపోటు మాట అటుంచి పక్షవాతం ముప్పు కూడా ఉంటుంది. ఇవన్నీ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగుతాయి, ఎకోలో కనబడవు. ఎకో చూపేది గుండె కొట్టుకునే తీరును, కవాటాలను మాత్రమే. మా అమ్మాయి ఎకో బాగుందని మూడేళ్లు నిశ్చింతగా ఉన్నాము. ఆ మూడేళ్లలోనే బరువు 11 కిలోలు పెరిగింది, థైరాయిడ్ పడిపోయింది.

అందుకే మేము నల్లగొండ వైపే మొగ్గాము. మూడు నెలలకోసారి బీపీ, బరువు, నడుము కొలత. ఏడాదికోసారి షుగర్, కొలెస్టరాల్, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్. బీపీ చూడటానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. నూరు కిలోమీటర్లు పోయి ఒక పూట కూలి, బస్సు చార్జీలు పోగొట్టుకునే కుటుంబం రెండో ఏడో మూడో ఏడో మానేస్తుంది. నడిచి వెళ్లగలిగే చోటైతే ఆ సమస్య రాదు.

ఒక షరతు మాత్రం ఉంది. ఏ భాగానికి ఎన్ని గ్రేలు, ఏ మందు ఎంత ఇచ్చారో రాసిన చికిత్సా వివరాల కాగితం లేకపోతే ఇక్కడి డాక్టరు ఏమీ నిర్ణయించలేరు. మా డిశ్చార్జి కాగితంలో ‘రేడియేషన్ పూర్తయింది’ అని మాత్రమే ఉంది. రెండుసార్లు తిరిగితే గాని మోతాదు రాసివ్వలేదు. పాత ఫైళ్లు దొరకని రోజు వస్తుంది, ఇప్పుడే అడిగి తెచ్చుకోండి.

ప్యాకేజీ హెల్త్ చెకప్‌లు, చేతి గడియారంలోని ఈసీజీలు ఈ పనికి చాలవు. చెన్నైలో 2019 నుంచి ఉన్న ప్రోటాన్ చికిత్స అనే మరో రకం రేడియేషన్‌లో కిరణాలు వెన్ను దగ్గరే ఆగిపోతాయి కాబట్టి గుండెకు దాదాపు తగలదు. చికిత్స ఇంకా మొదలుకాని వారు దాని గురించి అడగవచ్చు, అయిపోయిన వారికి ఆ చర్చ అనవసరం.

హైదరాబాదు ఎకోను మేము పూర్తిగా వదల్లేదు, ఐదేళ్లకోసారి వెళతాము. రేపు పెళ్లయి కడుపుతో ఉంటే మాత్రం, ఛాతీకి రేడియేషన్ తగిలిన అమ్మాయి గనుక, ఐదేళ్ల లెక్క చూడకుండా మొదటి మూడు నెలల్లోనే తీయిస్తాము.