వెంట్ విండో తీసేసి ఒకే అద్దం: పాత షెవర్లే ట్రక్కు తలుపు కిట్‌పై సమీక్ష

1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి10 పికప్ ట్రక్కు తలుపుకు రెండు అద్దాలుంటాయి. ముందు మూలలో ఇరుసు మీద తిరిగే ముక్కోణపు వెంట్ విండో ఒకటి. దాని వెనుక నిలువు కడ్డీని ఆనుకొని, హ్యాండిల్ తిప్పితే ఎక్కుతూ దిగుతూ ఉండే పెద్ద అద్దం మరొకటి. ఆ చిన్న అద్దాన్నీ, కడ్డీనీ పూర్తిగా తొలగించి, తలుపు చట్రమంతటికీ ఒకే అద్దం వచ్చేలా చేసే కిట్‌ను కస్టమ్‌గా మలిచిన ఒక సి10కి అమర్చి, కొంతకాలం నడిపి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇలాంటి కిట్లు అమ్మే సంస్థలు చాలానే ఉన్నాయి, అమర్చే పద్ధతి కూడా దాదాపు ఒకటే కనుక, ఇందులోని మంచిచెడ్డలు ఏ కిట్ కొనదలచినవారికైనా పనికొస్తాయి. నా తీర్పు ముందే చెప్పేస్తాను: అద్దానికి నూటికి నూరు, ముందు చానెల్‌ను, అంటే అద్దం జారే నిలువు గాడి పట్టీని, బిగించే ఏర్పాటుకు సగం మార్కులు, సూచనల కాగితానికి పాసు మార్కులు కూడా కష్టమే.

వెంట్ విండో అందం కోసం పుట్టినది కాదన్న సంగతి కొనేముందు గుర్తుంచుకోవాలి. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ తన ఫిషర్ బాడీ విభాగం ద్వారా 1933 మోడళ్లలో దీన్ని ప్రవేశపెట్టినప్పుడు, చలిగాలి నేరుగా ముఖానికి కొట్టకుండా లోపలి ఉక్కనూ పొగనూ బయటికి పంపడమే దాని ఉద్దేశం. అద్దాన్ని కాస్త తెరిస్తే పక్కనుంచి దూసుకుపోయే గాలి లోపలి గాలిని లాగేస్తుంది. ఇంకా తిప్పితే అదే అద్దం బయటి గాలిని లోపలికి మళ్లిస్తుంది. 1968లో కమారో కారు నుంచి దీన్ని తొలగించినప్పుడు కూడా, డ్యాష్‌బోర్డు గుండా గాలి వచ్చే ఆస్ట్రో వెంటిలేషన్ అనే ఏర్పాటును ముందు పెట్టుకొని మరీ తీసేశారు. కాబట్టి ఏసీ లేని ట్రక్కుకు ఈ కిట్ బిగించడమంటే, ప్రత్యామ్నాయం చూపకుండా ఉన్న కిటికీ మూసేయడమే. ఎండాకాలంలో నడిపేవారికి ఆ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

పెట్టెలో ఉన్నవాటిలో అద్దం గురించి ఫిర్యాదు చేయడానికి ఏమీ లేదు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న టఫెన్డ్ గ్లాస్. అంచులు చుట్టూ నున్నగా గ్రైండ్ చేసి ఉన్నాయి. మూలలో ఏఎస్2 అన్న ముద్ర స్పష్టంగా ఉంది. ఆ ముద్రను తేలికగా తీసుకోకూడదు. అమెరికా ఫెడరల్ మోటారు వాహన భద్రతా ప్రమాణం 205 కింద, డ్రైవరు చూపుకు అవసరమైన కిటికీల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి, ఏఎస్2 అంటే ఆ షరతును తీర్చిన అద్దమని అర్థం. ముద్ర లేని అద్దం ఎంత చవకగా దొరికినా తలుపులో పెట్టుకోవలసినది కాదు. టఫెన్డ్ గ్లాస్‌ను కొలతకు కోయడం, రంధ్రాలు చేయడం అన్నీ వేడిచేసి గట్టిపరచకముందే పూర్తి కావాలి. ఆ తరువాత అంచును కొద్దిగా అరగదీద్దామన్నా అది గుళికలుగా రాలిపోతుంది. అంటే తలుపుకు అద్దం సరిపోకపోతే సరిచేయవలసింది తలుపునే గాని అద్దాన్ని కాదు. ఈ ఒక్క నిజమే మిగతా పని మొత్తాన్నీ శాసిస్తుంది.

యాభై ఏళ్లు దాటిన తలుపు ఏదీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఆకారంలో ఉండదు. బందుల పిన్నులూ బుష్‌లూ అరిగి తలుపు వెనుకవైపు వాలి ఉంటుంది. పై చట్రాన్ని ఎవరో ఎప్పుడో లోపలికి వంచి ఉంటారు. అందుచేత కిట్ విప్పకముందే తలుపును బందుల మీద సరిచేసి, చుట్టూ సందు సమానంగా వచ్చేలా చూసుకోవాలి. పెయింట్ వేయకముందే ఒకసారి మొత్తం బిగించి చూడడం మరీ మంచిది, ఎందుకంటే పాత వెంట్ విండో చట్రాన్ని పట్టి ఉంచిన స్క్రూల రంధ్రాలు పై చట్రం ముందు అంచున బయటపడతాయి. వాటిని వెల్డింగ్‌తో మూసి నునుపు చేయకపోతే కొత్త బీడింగ్ (నీరు రాకుండా అంచు వెంట పెట్టే పట్టీ) అక్కడ ఎత్తుగా లేచి నీటికి దారి ఇస్తుంది. కిట్ వివరాల్లో ఈ పని ప్రస్తావన లేదు. పెయింట్ ఆరిన తలుపుకు కిట్ బిగించేవారికి ఇది చిన్న దెబ్బ కాదు.

పాత భాగాలను ఊడదీయడం తేలికే. హ్యాండిల్, లోపలి ప్యానెల్, తలుపు లోపలికి చేయి పెట్టడానికి ఉండే పని రంధ్రం మూత తీసేసి, అద్దాన్ని పూర్తిగా దించి, కడ్డీ కింది బోల్టునూ చట్రం స్క్రూలనూ విప్పితే వెంట్ విండో సెట్టు మొత్తాన్ని వెనక్కి వాల్చి, కొద్దిగా తిప్పి పైకి లాగేయవచ్చు. తుప్పు పట్టిన స్క్రూలకు ముందురోజే నూనె పెట్టి ఉంచితే చాలు.

అసలు కథ ముందు చానెల్‌తో మొదలవుతుంది. పాత ఏర్పాటులో ఆ నిలువు కడ్డీయే పెద్ద అద్దానికి ముందు గైడు. దాన్ని తీసేశాక ఆ బాధ్యత తలుపు ముందు అంచు దగ్గర కొత్తగా పెట్టే చానెల్ మీద పడుతుంది. హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ చేతులు అద్దాన్ని పట్టే చోటు పాతదే, అద్దం మాత్రం ముందుకు పొడుగైంది. బరువు ముందుకు జరగడం వల్ల, ఎక్కేటప్పుడు ముందు మూల కిందికి వాలి, వెనుక మూల చానెల్‌లో ఇరుక్కోవడానికి చూస్తుంది. దాన్ని ఆపేది ముందూ వెనుకా చానెళ్ల మధ్య దూరం పైనుంచి కిందిదాకా మారకపోవడం ఒక్కటే. లోపలికీ బయటికీ ఉండే వాలు కూడా రెండింటికీ ఒకటే కావాలి. ఈ కిట్‌లో చానెల్ పై భాగం చట్రంలో చక్కగా కూర్చుంటుంది; కింది చివరను తలుపు లోపలి రేకుకు పట్టించే బ్రాకెట్ మాత్రం పలుచని పట్టీ, దాని పొడవైన గాడిలో ఒకే బోల్టు. ఆ గాడి సర్దుబాటుకు వీలిస్తుంది, నిజమే. కానీ గతుకుల్లో కొంతకాలం తిరిగేసరికి బోల్టు అదే గాడిలో జారి చానెల్ పక్కకు జరుగుతుంది. నేను వెడల్పాటి వాషరూ లాక్ నట్టూ వేసి, సర్దుబాటు పూర్తయ్యాక పక్కన రెండో స్క్రూ బిగించిన తరువాతే ఆ కదలిక ఆగింది. ఇంత ధర పెట్టి అమ్మే కిట్‌లో ఆ రెండో రంధ్రాన్ని తయారీదారే చేసి ఇచ్చి ఉండవలసింది.

సర్దుబాటుకు నాకు నచ్చిన పద్ధతి, రెగ్యులేటర్‌ను తగిలించకుండా అద్దాన్ని చేతులతోనే పైకీ కిందికీ నడపడం. రెగ్యులేటర్ తగిలించాక హ్యాండిల్ బలం చానెల్ లోపాన్ని దాచేస్తుంది. చేత్తో నడిపితే ఎక్కడ పట్టేస్తుందో వేళ్లకే తెలుస్తుంది. పట్టేసిన చోట చానెల్ లోపలి ఫెల్ట్ (మెత్తని ఉన్నిలాంటి పట్టీ) నలిగి మెరుస్తుంది కూడా. ఆ మెరుపు కనిపించిన ఎత్తులో చానెల్‌ను వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడాలి. గ్రీజు రాసి కదలిక తెచ్చుకోవడం తాత్కాలిక ఉపశమనమే. గ్రీజు దుమ్మును పట్టుకొని కొన్నాళ్లకు అద్దం మీద నిలువు గీతలు పెడుతుంది. ఫెల్ట్‌కు పలుచగా సిలికాన్ స్ప్రే చాలు. అద్దం కింది అంచును పట్టి ఉంచే లోహపు చానెల్‌లోకి అద్దాన్ని దించేటప్పుడు మధ్యలో వచ్చే రబ్బరు పట్టీకి సబ్బునీళ్లు రాసి, రబ్బరు సుత్తితో కొద్దికొద్దిగా తట్టాలి. టఫెన్డ్ గ్లాస్ నడుమ ఎంత గట్టిదో అంచున అంత సున్నితం కనుక, అంచులకు కాగితపు టేప్ అంటించుకోకుండా ఆ పనికి దిగకూడదు.

కాగితంలో ఒక్క ముక్కైనా లేని మరో ప్రమాదం పక్క అద్దం, అంటే మిర్రర్. తలుపు రేకు ముందుభాగంలో బిగించిన మిర్రర్ బోల్టులు లోపలికి పొడుచుకొచ్చే చోట ఇంతకుముందు వెంట్ విండో చట్రం ఉండేది, కాబట్టి బోల్టు ఎంత పొడుగున్నా అడిగేవారు లేరు. ఇప్పుడు అదే దారిలో అద్దం దిగుతుంది. బోల్టు కొన అద్దానికి తగిలిందంటే గీత పడటం కాదు, అద్దమే పోవచ్చు. బోల్టులను పొట్టిగా కోసి, అద్దం దిగినప్పుడు మధ్యలో వేలు పట్టేంత సందు ఉందో లేదో పని రంధ్రంలోంచి టార్చ్ వేసి చూసుకోవాలి. తలుపులో స్పీకర్లు పెట్టదలచినవారు వాటి లోతును కూడా ఇదే దృష్టితో కొలుచుకోవడం మంచిది.

తలుపు నడుము దగ్గర, అంటే అద్దం లోపలికి దిగే అంచు వెంట ఉండే బీడింగ్ బాగుంది. వెంట్ విండో పోయినందువల్ల అది తలుపు ముందు చివరిదాకా ఒకే ముక్కగా రావాలి. కిట్‌లో అలాగే ఇచ్చారు, క్లిప్పులు కూడా బిగుతుగా కూర్చున్నాయి. పవర్ విండో మోటారు కూడా కలిపి కొనే వీలుంది గాని నేను హ్యాండిల్‌నే ఉంచుకున్నాను. మోటారు కోరుకునేవారు ఫ్యూజు, రిలే, తలుపు సందులో వైర్లకు రబ్బరు గొట్టం తప్పనిసరి అనుకోవాలి. ఈ సి10లకు 12 వోల్టుల విద్యుత్ ఉంది కనుక ఇబ్బంది లేదు. 1950ల తొలినాటి, 6 వోల్టుల షెవర్లే ట్రక్కులకు మాత్రం ముందు ఆ ఏర్పాటు మొత్తం మార్చాలి.

ఇక నడిపినప్పటి అనుభవం. మలుపుల్లో ఎడమవైపు చూపుకు అడ్డొచ్చే కడ్డీ లేకపోవడం నేను ఊహించినదానికంటే పెద్ద లాభం. కూడళ్లలో పాదచారులు ఆ కడ్డీ వెనుక దాక్కోవడం ఇప్పుడు లేదు. చాలామంది ఈ కిట్‌ను పక్కనుంచి కనిపించే శుభ్రమైన రూపం కోసం కొంటారు, ఆ రూపమూ వస్తుంది. అయినా నన్నడిగితే డబ్బు గిట్టుబాటయ్యేది ఈ చూపు దగ్గరే. వెంట్ విండో రబ్బరు ఎండిపోయినప్పుడు వచ్చే ఈల శబ్దం పూర్తిగా పోయింది. భారీ వానలో పై ముందు మూల నుంచి మాత్రం సన్నని తడి కనిపించింది. బీడింగ్ మలుపు తిరిగే చోట వెనుక పలుచగా సీలెంట్ వేశాక ఆగింది. పాత వెంట్ విండో గొళ్లేన్ని బయటినుంచి నెట్టి తలుపు తెరిచే దొంగలకు ఇప్పుడు ఆ దారి లేదన్నది కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

ఫ్యాక్టరీ రూపాన్ని యథాతథంగా నిలబెట్టాలనుకునేవారికి ఈ కిట్ అక్కరలేదు. కొన్నవారు మాత్రం తీసిన వెంట్ విండో సెట్టును పారేయకుండా దాచుకోవాలి. దానితోపాటు కిట్ భాగం నంబరును ట్రక్కు కాగితాల్లో రాసి ఉంచాలి, ఎందుకంటే పాత ఆకారపు అద్దం విడిభాగాల దుకాణాల్లో తేలికగా దొరుకుతుంది గాని, ఈ పొడవాటి అద్దం పగిలితే ఆ నంబరుతో ఆ తయారీదారు దగ్గరే తెప్పించుకోవాలి.