సిరిమాను నుంచి సంక్రాంతి దాకా మింగిన మోకాళ్ళ మాత్రలు

పైడితల్లమ్మ సిరిమాను జాతర నాడు మోకాళ్ళ నొప్పితో జనంలో గంటసేపు నిలబడలేకపోయాను. మర్నాడే విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మందుల షాపుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు గ్లూకోసమైన్ డబ్బా తీశాడు. "అరిగిపోయిన గుజ్జు మళ్ళీ వస్తాదమ్మా" అన్నాడు. 750 మిల్లీగ్రాముల మాత్రలు, రోజుకి రెండు. పది మాత్రల షీటు 230 రూపాయలు. మూడు నెలలకి 18 షీట్లు, అంటే 4140 రూపాయలు.

మొదటి నెల నొప్పి తగ్గినట్టే ఉంది. అదే నెల్లో మేడమీద బట్టలారేసే పని మా కోడలు తీసుకుంది, ఆ పుణ్యం ఎవరిదో చెప్పలేను. సంక్రాంతికి అరిసెలు వత్తుతూ పీట మీద కూర్చున్నానా, లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

మధ్యలో ఇంకో ముచ్చట. కార్తీకంలో నేను నీచు ముట్టను. సోమవారం ఉపవాసం ఉండి ఊసుపోక అద్దాలు పెట్టుకుని డబ్బా చదివితే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: రొయ్య, పీత పెంకుల నుంచి తీసినది. పక్కనే గోధుమరంగు గుర్తు! మొక్కజొన్నతో చేసేవి కూడా ఉన్నాయట, అడిగితే కదా తెలిసేది. రొయ్యలు పడనివాళ్ళు ముందే చూసుకోండి.

చివరికి ఎముకల డాక్టరుకి ఈ మాత్రల సంగతి చెబితే నవ్వి, 2006లో అమెరికాలో 1583 మంది మీద పరీక్ష చేసి చూస్తే, మొత్తమ్మీద ఉత్తుత్తి మాత్రకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు. నొప్పి బాగా ఎక్కువున్న కొందరికి మాత్రం కాండ్రాయిటిన్ అనే ఇంకో కీళ్ళ మందుతో కలిపి ఇస్తే కొంత నయమనిపించిందట. నన్ను తువ్వాలు ఉండలా చుట్టి మోకాలి కింద పెట్టుకుని, మోకాలితో కిందకి నొక్కి ఐదు లెక్కపెట్టే వరకు ఉంచమన్నారు. పూటకి పదిసార్లు. రెండు నెలలుగా చేస్తున్నాను, పీట మీంచి ఇప్పుడు ఒక చెయ్యి ఊతంతో లేస్తున్నాను.

నా అసలు కోపం మాత్రల మీద కాదు. "సార్‌కి కూడా ఒక డబ్బా పట్టుకెళ్ళండి" అని ఆ కుర్రాడే అంటగట్టాడు. మావారికి గుండె కవాటం మార్చారు, రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వేసుకుంటారు. గ్లూకోసమైన్ తోడైతే రక్తం మరీ పల్చబడి, రక్తస్రావం అయ్యే ప్రమాదముందని డాక్టరు చెప్పేదాకా మాకు తెలీదు. అదృష్టం కొద్దీ ఆయన బద్ధకించి మూత కూడా తియ్యలేదు. ఆ డబ్బా వెనక్కి పట్టుకెళ్ళి, ఏం మందులు వాడుతున్నారని ఒక్కమాట అడగొద్దా బాబూ అంటే, "అడగాలని తెల్దమ్మా" అన్నాడు. డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.