పదేళ్ల టాంగో, పక్కన కాస్త తావో: ఏది పనిచేసింది, ఏది ఉత్త మాట

టాంగో అనే జంట నృత్యానికీ, ప్రాచీన చైనా జ్ఞాని లావో త్సు చెప్పిన తావోకీ (దేన్నీ బలవంతం చేయకుండా సహజంగా సాగే దారికీ) చరిత్రలో ఎక్కడా చుట్టరికం లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత పేచీ ఉండదు. టాంగో పుట్టింది 19వ శతాబ్దం చివర్లో, దక్షిణ అమెరికాలో రియో దె లా ప్లాతా నదికి అటూ ఇటూ ఉన్న బ్యూనస్ ఎయిర్స్, మాంటెవిడియో నగరాల పేదపేటల్లో. ఇటలీ, స్పెయిన్ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు, ఒకప్పుడు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతివాళ్లు, పల్లెలు వదిలి పట్నం చేరినవాళ్లు, వీళ్లందరి పాటా ఆటా కలిసి తయారైంది. లావో త్సు పేరుతో ఉన్న తావో తే చింగ్ దానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందటి చైనా పుస్తకం, 81 చిన్న చిన్న అధ్యాయాలు. ఈ రెంటినీ ఒక చోట కట్టి "జంట నృత్యంతో జీవితంలో సమతుల్యం" అంటూ వీకెండ్ వర్క్‌షాపులు పెట్టేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయినా పదేళ్లకు పైగా టాంగో ఆడాక, అందులో సగం కాలం పొద్దున్నే తాయ్‌చీ (ఆ తావో ఆలోచనల నీడలోనే పెరిగిన, నిదానపు కదలికల చైనా యుద్ధకళ) కూడా చేశాక, ఆ పుస్తకంలోని కొన్ని మాటలు నా కాళ్లకు నిజంగానే పనికొచ్చాయని ఒప్పుకోక తప్పదు.

నేనుండేది సింగపూర్‌లో. ఐటీ ఉద్యోగం, నలభై దాటిన ఆడమనిషిని. ఇక్కడ ఈ రెండూ అందుబాటులో ఉంటాయి. పొద్దున ఆరున్నరకి మా బ్లాక్ పక్క పార్కులో చైనీస్ పెద్దవాళ్లు తాయ్‌చీ చేస్తుంటారు, వారాంతం రాత్రి ఊళ్లో ఎక్కడో ఒక చోట మిలోంగా ఉంటుంది. మిలోంగా అంటే టాంగో ఆడుకోవడానికి అందరూ చేరే సాయంత్రం. అన్నట్టు యునెస్కో వారసత్వ జాబితాలో టాంగో 2009లో, తాయ్‌చీ 2020లో చేరాయి. ఆడేవాళ్లకి దానివల్ల ఒరిగిందేమీ లేదనుకోండి.

మన ఇళ్లలో పెరిగినవాళ్లకి మొదటి అడ్డంకి అడుగులు కాదు, కౌగిలి. కోలాటంలో కూడా మధ్యలో కర్రలుంటాయి కదా! ఇక్కడ ముక్కూ మొహం తెలియని మనిషి ఛాతీకి ఛాతీ ఆనించి పన్నెండు నిమిషాలు కదలాలి. మా అమ్మకి ఫోన్‌లో వీడియో చూపిస్తే "మరీ అంత దగ్గరగా నిలబడాలా?" అంది. తర్వాత ఇక్కడికొచ్చి ఓ సాయంత్రం కుర్చీలో కూర్చుని చూసి, "ఇది డ్యాన్సేంటే, ఊరికే నడుస్తున్నారు" అని పెదవి విరిచింది.

ఆవిడ రెండో మాట అక్షరాలా నిజం. టాంగో అంటే నడకే. స్టేజి మీద కాళ్లు గాల్లోకి విసిరేది వేరే సరుకు. నేను వెనక్కి వేసే ఒక్క అడుగులో ఏం జరుగుతుందో చెబుతాను. నా బరువంతా ఎడమ కాలి మీద ఉంది. కుడి కాలు తుంటి నుంచి వేలాడుతున్నట్టు ఖాళీగా ఉంది. ఎదుటి మనిషి ఛాతీ ఓ అంగుళం నా వైపు వచ్చింది. నా కుడి కాలు వెనక్కి సాగింది, బొటనవేలు నేలను రాసుకుంటూ వెళ్లింది, బరువు మాత్రం ఇంకా ఎడమ కాలి మీదే ఉంది. ఆయన బరువు కదిలినప్పుడు నాదీ కదలాలి, అంతకు ముందు కాదు. ఆ అరక్షణంలో తొందరపడి వెనక కాలి మీద వాలిపోతే ఇద్దరమూ తూలతాం. భయపడి రెండు కాళ్ల మీదా చెరిసగం బరువు పెట్టుకుంటే ఇంకా ఘోరం. ఎటు వెళ్లాలన్నా ముందు బరువు సర్దుకోవాలి, ఈలోపు పాట దాటిపోతుంది.

తాయ్‌చీలో ఈ చెరిసగం నిలబడటాన్ని పెద్ద దోషంగా లెక్కేస్తారు. వాంగ్ జోంగ్‌యువే రాశాడని చెప్పే పాత తాయ్‌చీ గ్రంథంలో ఆ మాట సూటిగా ఉంది. బరువు రెండు వైపులా పడితే మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. ఒక కాలు నిండుగా ఉండాలి, ఒకటి ఖాళీగా ఉండాలి, ఆ నిండూ ఖాళీ ఆగకుండా చోట్లు మారుతుండాలి. బ్యాలెన్స్ అంటే త్రాసు పళ్లేలు రెండూ ఒకే ఎత్తున ఆగిపోవడం అనుకుంటాం మనం. ఒంటికి మాత్రం ఆ లెక్క కుదరదు. ఈ సంగతి టాంగో క్లాసులో ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కలేదు. తాయ్‌చీలో ఒకే అడుగును పాట లేకుండా, జంట లేకుండా, నిదానంగా వేసినప్పుడు ఎక్కింది. ఈ రెండూ కలిపి చేయడం వల్ల నాకు దక్కిన అతి పెద్ద లాభం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఖాళీ గురించి తావో తే చింగ్ 11వ అధ్యాయంలో ఉంది. బండి చక్రంలో ముప్పై ఆకులు (చువ్వలు) వచ్చి కలిసే నడిమి కుండలో ఉన్న ఖాళీ వల్లే బండి నడుస్తుంది, మట్టిపాత్రలో లోపలి ఖాళీయే పనికొస్తుంది అని. దీన్ని గోడ మీద పోస్టరుగా పెట్టుకుంటే ఏమీ రాదు. టాంగో సంగీతకారుడు కార్లోస్ ది సార్లీ ఆర్కెస్ట్రా పెట్టుకుని ఆడితే వస్తుంది. ఆయన పియానోలో వాక్యానికీ వాక్యానికీ మధ్య చోటు ఉంటుంది. కొత్తలో ఆ చోటు కనిపిస్తే చాలు, ఏదో ఒక విన్యాసంతో నింపేయాలనిపిస్తుంది. చేయి తిరిగినవాళ్లు అక్కడ ఊరుకుంటారు. ఇద్దరూ ఒకే కాలి మీద, ఊపిరి కూడా కలిసి, ఒక బీటు ఆగుతారు. నా ఖాళీ కాలు ఎటైనా వెళ్లగలదు, ఇంకా ఎటూ వెళ్లలేదు. టాంగోలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అది. మరో ఆర్కెస్ట్రా నాయకుడు హువాన్ దారియెన్సో పాటల్లో ఈ సుఖం దొరకదు. 1935 చివర్లో పియానో మీదికి రొడోల్ఫో బియాజీ వచ్చాక ఆ ఆర్కెస్ట్రా బీటు పదునెక్కింది, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. బలవంతంగా ఏదీ చేయకపోవడం అనే వూ వెయ్‌కి అసలు పరీక్ష అక్కడే. ముందే ప్లాన్ వేసుకున్న అడుగు ఏదైనా ఆలస్యమే అవుతుంది.

పార్కులో ఒక అంకుల్ ఉన్నారు. డెబ్భై దాటాయి, బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయనతో పుష్ హ్యాండ్స్ చేస్తాను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ఆనించి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఒకరి బరువు ఒకరు వెతకడం. ఆయన నాకు చెప్పిన తత్వమంతా ఒక్క మాట: "భుజం." నేను కాస్త గట్టిపడ్డానో లేదో, "భుజం, భుజం" అంటారు, అప్పటికే ఆయన అరచేయి నన్ను అడుగున్నర వెనక్కి పంపేసి ఉంటుంది. గట్టిపడిన చోటు ఎదుటివాడికి పిడిలా దొరుకుతుంది. మెత్తగా ఉన్న చోట పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మనిషి పుట్టినప్పుడు మెత్తగా ఉంటాడు, చచ్చాక బిగుసుకుంటాడు అని 76వ అధ్యాయంలో చదివి తలాడించాను కానీ, ఆ అంకుల్ నన్ను గడ్డిలోకి తోశాక గానీ అది కుడి భుజం గురించి చెప్పిన మాటని అర్థం కాలేదు. మిలోంగాలో కూడా ఇంతే. లీడర్, అంటే జంటలో నడిపించే మనిషి, చేయి బిగిస్తే ఆయన ఏం చెబుతున్నాడో నాకు వినపడదు. నేను బిగిస్తే ఆయనకి నా కాళ్లు ఎక్కడున్నాయో తెలియదు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఓ వీకెండ్ వర్క్‌షాపులో, పేరెందుకు లెండి, మొదటి గంటలోనే బోర్డు మీద యిన్-యాంగ్ బొమ్మ (ఒకదాన్నొకటి పూరించే రెండు శక్తులకి గుర్తుగా నలుపూ తెలుపూ కలిసిన వృత్తం) గీసి, "మగవాడు యాంగ్, నడిపిస్తాడు. స్త్రీ యిన్, తనను తాను అప్పగించుకుంటుంది. ఇదే ప్రకృతి సమతుల్యం" అన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి సగంమంది ఆడవాళ్లు ఆ 'అప్పగింత' పేరుతో ఎదుటివాళ్ల మీద వేలాడుతున్నారు, మగవాళ్లు నడుము పట్టుకుని ఆపసోపాలు పడుతున్నారు. డబ్బు పోతే పోయింది, తావో పేరు పెట్టి చెప్పినందుకు బాధ. 42వ అధ్యాయం ప్రకారం ప్రతి ఒక్కటీ వీపున యిన్‌ను మోస్తూ, యాంగ్‌ను కౌగిలించుకుని ఉంటుంది. అంటే రెండూ ఒకే ఒంట్లో. మగతనం తెలుసుకో, ఆడతనం వదులుకోకు, లోకానికి లోయలా ఉండు అని 28వ అధ్యాయం చెబుతోంది. ఆ సలహా ఆడవాళ్లకి ఇచ్చింది కాదు, జ్ఞానులకూ ఏలికలకూ ఇచ్చింది. ఇక పుష్ హ్యాండ్స్‌లోనైతే అనుసరించేవాడిదే పైచేయి. ఎదుటివాడి కదలిక ముందు తెలిసేది అతనికే.

టాంగో సొంత చరిత్ర కూడా ఆ బోర్డు మీది బొమ్మను ఒప్పుకోదు. 1940లలో, టాంగో ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు, బ్యూనస్ ఎయిర్స్ కుర్రాళ్లు మగవాళ్ల ప్రాక్టికాల్లో, అంటే సాధన కోసం చేరే చోట్ల, ఒకళ్లతో ఒకళ్లు ఆడి నేర్చుకునేవాళ్లు. ముందు ఫాలో చేయడం, అది వచ్చాకే లీడ్ చేయడం, అలా బాగా కుదిరాకే మిలోంగాకి వెళ్లడం అని ఆ తరం డ్యాన్సర్లు చెప్పుకొచ్చారు. నేను వచ్చిన దారీ అదే. కొన్నేళ్లు ఫాలో చేశాక లీడ్ నేర్చుకున్నాను. లీడ్ చేసిన మొదటి నెలల్లో తెలిసిందేమిటంటే, లీడర్ చేసేది సగం వినడమే. ఆమె అడుగు పూర్తయిందా, బరువు దిగిందా, ఓచోలో తుంటి ఇంకా తిరుగుతోందా అని కనిపెట్టి ఉండాలి. ఓచో అంటే నేల మీద ఎనిమిది అంకె గీసినట్టు మునిపాదం మీద తిరగడం. ఆమె తిరుగుతుండగానే తర్వాతి అడుగు అడిగితే మోకాలు ఒక వైపు, మడమ ఒక వైపు పోతాయి. ఆ దెబ్బ ఫాలోవర్‌గా నేనే తిన్నాను కాబట్టి, లీడర్‌గా ఆగడం నాకు త్వరగా పట్టుబడింది. జంటలుగా నేర్చుకునే భార్యాభర్తలకి నేను ఇచ్చే సలహా ఒకటే: వారంలో ఒక రోజు పాత్రలు మార్చుకోండి. వంటింట్లో మార్చుకున్నా అభ్యంతరం లేదు.

మనశ్శాంతి సంగతికొస్తే ఇక్కడ నా మార్కులు తక్కువే. ఆడుతున్నంతసేపూ ఆఫీసు టెన్షన్ గుర్తురాదు, అది నిజం. సోమవారం పొద్దున మెయిల్ తెరిస్తే ఎక్కడి టెన్షన్ అక్కడే ఉంటుంది. పైగా మిలోంగాకి దాని సొంత టెన్షన్ ఉంది. అడగడం, ఒప్పుకోవడం అంతా చూపులతోనే జరుగుతుంది, దాన్ని కబెసేయో అంటారు. హాలుకి అటువైపు నుంచి ఒకరు చూస్తారు, మీరు చూస్తారు, తల ఆడుతుంది, లేస్తారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటే సరి, ఎవరి పరువూ పోదు. బలవంతం లేని ఇంత నాజూకైన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ ఎవరూ చూడని రాత్రులు కూడా ఉంటాయి. తాండా అంటే మూడు నాలుగు పాటల విడత. వరసగా తాండాలు గడుస్తుంటే, పాతికేళ్ల అమ్మాయిలు ఒక్కటీ వదలకుండా ఆడుతుంటే, కుర్చీలో కూర్చుని నవ్వు మొహం పెట్టుకోవడం చిన్న విషయం కాదు. నీరు అందరూ ఏవగించుకునే పల్లానికి సంతోషంగా చేరుతుంది అని 8వ అధ్యాయం. ఆ కుర్చీలో అది గుర్తొస్తే చల్లారదు సరికదా, ఇంకా మండుతుంది. లీడ్ నేర్చుకోవడం వల్ల ఈ బాధ సగం తగ్గింది, తత్వం వల్ల కాదు.

ఒంటి బ్యాలెన్స్ మాత్రం మెరుగవుతుంది, ఇది నా ఒక్కదాని మాట కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మెడలిన్ హాక్నీ, గామన్ ఎర్‌హార్ట్ అనే పరిశోధకులు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లకి కొందరికి టాంగో, కొందరికి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ అనే వేరే జంట నృత్యాలు నేర్పించి 2009లో ఫలితాలు ప్రచురించారు. డ్యాన్స్ చేసిన రెండు బృందాలకూ బ్యాలెన్స్ మెరుగైంది, కొన్ని కొలతల్లో టాంగో మిగతావాటికి సమానంగా గానీ, మిన్నగా గానీ నిలిచింది. తాయ్‌చీ మీద 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆరెగాన్ పరిశోధనలో 195 మంది పార్కిన్సన్స్ రోగులున్నారు. 24 వారాల తర్వాత నిలకడ విషయంలో తాయ్‌చీ చేసినవాళ్లు బరువులతో వ్యాయామం చేసినవాళ్లకన్నా, స్ట్రెచింగ్ చేసినవాళ్లకన్నా ముందున్నారు. నా మట్టుకు నాకు తేడా తెలిసేది ఎంఆర్‌టీ రైల్లో. బ్రేకు వేసినప్పుడు చేయి కడ్డీ వెతుక్కోవడం మానేసింది.

ఖర్చులు, నొప్పులు కూడా చెప్పాలి. క్లాసులకన్నా మిలోంగా టికెట్లు, బూట్లు ఎక్కువ తింటాయి. తోలు అడుగున్న బూట్లే కొనాలి. రబ్బరు అడుగు నేలను పట్టేసుకుంటుంది, పాదం తిరగదు, ఆ మెలి మోకాలి మీద పడుతుంది. పెన్సిల్ హీల్స్ నేను కొన్నేళ్లు వేసుకున్నాను, చూడ్డానికి బాగుంటాయి, రాత్రి పన్నెండింటికి మునిపాదం నిప్పుల మీద పెట్టినట్టుంటుంది. ఇప్పుడు రెండంగుళాలు దాటని మడమే. మోకాళ్లు ఇప్పటికే బాగాలేనివాళ్లు డాక్టర్ని అడగకుండా ఓచోల జోలికి పోవద్దు.

ఎవరైనా ఈ జోడీ మొదలుపెట్టాలనుకుంటే, తావో తే చింగ్ చదివి టాంగోకి రాకండి, వచ్చాక చదవండి. మొదట ఆరు నెలలు టాంగో, వారానికి ఒక క్లాసు, ఒక ప్రాక్టికా. అప్పటికి ఎక్కడ తూలుతున్నారో మీకే తెలుస్తుంది, అప్పుడు దగ్గర్లో తాయ్‌చీ నేర్పేవాళ్లని వెతుక్కోండి. పుష్ హ్యాండ్స్ చేయించని చోట చేరితే సగం ఉపయోగం పోతుంది, అది ముందే అడగండి. బోర్డు మీద యిన్-యాంగ్ బొమ్మ గీసి క్లాసు మొదలుపెట్టేవాళ్లు కనిపిస్తే, ఫీజు కట్టేముందు ఆ టీచరు ఫాలో చేస్తుండగా ఒకసారి చూడండి. మగ టీచరైనా సరే.